పాత పికప్ వాహనం కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు చూడాల్సినవి ఇవే

కూరగాయలు మార్కెట్‌కు వేసుకోవాలన్నా, షాపులకు సరుకు దించాలన్నా, టెంట్ హౌస్ సామాన్లు తిప్పాలన్నా చిన్న రవాణా వాహనం ఉండాల్సిందే. కొత్తది కొనే స్తోమత లేనివాళ్ళు ఎనిమిది, పది, పన్నెండేళ్ళ పాత టాటా ఏస్ కోసమో, బొలెరో పికప్ కోసమో వెతుకుతారు. ధర అందుబాటులోనే కనిపిస్తుంది. అయితే పాత కారు కొనడం వేరు, పాత గూడ్స్ వాహనం కొనడం వేరు. దీనికి పసుపు నంబరు ప్లేటు, ఫిట్‌నెస్, పర్మిట్, రవాణా పన్ను, వాణిజ్య బీమా ఉంటాయి. వీటిలో ఒక్కటి తప్పినా బండి ఇంటి ముందు నిలబడిపోతుంది, వాయిదాలు మాత్రం ఆగవు.

కొనాలా వద్దా అన్నది ఎలా తేల్చుకోవాలి? ఏ కాగితం ఎక్కడ చూడాలి? బండిలో ఏం గమనించాలి? పేరు మార్పిడి ఎప్పటిలోగా చేయించుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు సొంత బండి అవసరమా?

అడిగిన ధర ఎక్కువా తక్కువా అన్నది తర్వాతి ప్రశ్న. నెలకు ఎన్ని ట్రిప్పులు పడతాయన్నది ముందు తేల్చుకోవాలి. ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు మాత్రమే. మీ ఊరి ధరలు పెట్టి మీరే మళ్ళీ వేసుకోండి.

బండి ధర 3,00,000 రూపాయలు. కొనగానే టైర్లకు, క్లచ్‌కు, చిన్నాచితకా రిపేర్లకు 50,000. పేరు మార్పిడి, ఫిట్‌నెస్ ఖర్చులు 10,000. మొత్తం 3,60,000. నాలుగేళ్ళు నడిపి 1,60,000కు అమ్మారనుకుంటే పోయింది 2,00,000. అంటే ఏడాదికి 50,000.

దీనికి ఏటా బీమా 20,000, పన్ను, ఫిట్‌నెస్, పొల్యూషన్ కలిపి 10,000, ఆయిల్, టైర్లు, రిపేర్లకు 60,000, పెట్టిన డబ్బుకు వడ్డీ 30,000 కలపండి. ఏడాదికి 1,70,000 అవుతుంది. అంటే బండి కదిలినా కదలకపోయినా నెలకు సుమారు 14,000 రూపాయల భారం.

ఇక 80 కిలోమీటర్ల ట్రిప్పుకు బయటి బండి 2,500 తీసుకుంటోందనుకుందాం. సొంత బండి లీటరుకు 13 కిలోమీటర్లు ఇస్తే, డీజిల్ లీటరు 97 రూపాయల చొప్పున ఆ ట్రిప్పుకు ఇంధనం దాదాపు 600 అవుతుంది. మీరే నడిపితే ట్రిప్పుకు 1,900 మిగులుతుంది. నెలకు ఎనిమిది ట్రిప్పులు పడితేనే భారం తీరుతుంది. రోజుకు 700 ఇచ్చి డ్రైవర్‌ను పెట్టుకుంటే మిగిలేది 1,200 మాత్రమే. అప్పుడు 12 ట్రిప్పులు కావాలి.

పంట చేతికొచ్చే రెండు మూడు నెలలు మాత్రమే పని ఉండి, మిగతా ఏడాదంతా బండి ఖాళీగా ఉండేటట్టయితే అద్దె బండే మేలు. ఇంట్లో నడిపేవాళ్ళుండి, ఊళ్ళో మరో పది మంది సరుకు కూడా వేసుకునే వీలుంటే లెక్క మారుతుంది.

బండి పాతబడినా తగ్గని ఖర్చులు

బండి ధర వయసుతో తగ్గుతుంది కానీ, దాన్ని రోడ్డు మీద ఉంచే ఖర్చు తగ్గదు. కొన్ని ఖర్చులైతే పెరుగుతాయి.

బీమా: థర్డ్ పార్టీ ప్రీమియం బండి వయసును బట్టి ఉండదు. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం 7,500 కిలోల లోపు స్థూల బరువున్న నాలుగు చక్రాల గూడ్స్ వాహనానికి ఏడాదికి 16,049 రూపాయలు. పన్ను అదనం. నిన్న కొన్న బండికైనా, పన్నెండేళ్ళ బండికైనా ఇదే లెక్క. బండికి జరిగే నష్టానికి కూడా బీమా కావాలంటే దాని ప్రీమియం వేరు.

ఫిట్‌నెస్: జనం ఎఫ్‌సీ అని పిలిచేది ఇదే. గూడ్స్ వాహనానికి ఎనిమిదేళ్ళ వయసు వరకు రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. ఫీజు కూడా వయసుతోపాటు పెరుగుతుంది. 15 ఏళ్ళు దాటిన వాహనాలకు మరీ ఎక్కువ. గడువు దాటాక ఎఫ్‌సీ చేయిస్తే రోజుకు 50 రూపాయల చొప్పున అదనపు రుసుము నిబంధనల్లో ఉంది. 300 రోజులు మూలన పడి ఉన్న బండికి ఇదొక్కటే 15,000 రూపాయలవుతుంది. చవగ్గా దొరికిందనుకున్న బండి వెనక చాలాసార్లు ఉండేది ఈ బాకీయే.

పన్ను: కొన్ని వాహనాలకు మూడు నెలలకోసారి పన్ను కట్టాలి, కొన్నిటికి లైఫ్ ట్యాక్స్ కట్టి ఉంటుంది. మీరు చూస్తున్న బండికి ఏది వర్తిస్తుందో, ఎప్పటి వరకు కట్టారో నంబరు కొట్టి చూడండి. పాత రవాణా వాహనాలకు హరిత పన్ను కూడా ఉంటుంది. పాత బకాయి బండితోపాటే వస్తుంది. అది తీర్చకుండా ఆర్టీఏలో ఏ పనీ ముందుకు సాగదు.

15 ఏళ్ళు దాటితే తుక్కు కిందికేనా?

కాదు. 15 ఏళ్ళు నిండగానే వాహనాన్ని తుక్కుకు పంపాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ వాహనాలకు అమల్లోకి వచ్చింది. ప్రైవేటు యజమానుల వాహనాలు ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గినంత కాలం తిరగవచ్చు. పదేళ్ళు దాటిన డీజిల్ వాహనాలపై ఆంక్షలు ఢిల్లీ పరిసర ప్రాంతానికి సంబంధించినవి. మన రెండు రాష్ట్రాల్లో అవి లేవు.

అయితే పరీక్ష మునుపటిలా లేదు. ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు వచ్చినచోట బ్రేకులు, లైట్లు, పొగ వంటివి యంత్రాలే కొలుస్తాయి. ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మనవాడే, ఎఫ్‌సీ నేను చేయించి ఇస్తా’ అనే బ్రోకర్ మాటను నమ్ముకుని డబ్బులు ఇవ్వొద్దు. ‘ఎఫ్‌సీ చేయించి ఇవ్వండి, ఆ తర్వాతే మిగతా డబ్బులు’ అని మీరే షరతు పెట్టండి.

ఒకవేళ బండి మరీ పాతదై మీరే వదిలించుకోవాల్సి వస్తే గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికే ఇవ్వండి. అక్కడ ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్‌తో కొత్త రవాణా వాహనం పన్నులో 15 శాతం వరకు రాయితీ ఇవ్వడానికి కేంద్ర నిబంధనలు వీలు కల్పించాయి.

కాగితాలు: ఏం చూడాలి, ఎక్కడ చూడాలి?

బండి నంబరు తెలిస్తే సగం సమాచారం ఫోన్‌లోనే దొరుకుతుంది. ఎంపరివాహన్ యాప్‌లో, రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైట్‌లో వివరాలు చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే కోడ్‌తో నంబర్లు ఇవ్వడం మొదలైంది. కాబట్టి ఆ నంబర్లను చూసి బండి ఏ జిల్లాదో చెప్పలేం. రికార్డు తెరిచి చూడాల్సిందే.

ఆర్‌సీ: ఇప్పటికీ చాలామంది సీ బుక్ అనే అంటారు. అందులో ఉన్న పేరు, మీకు అమ్ముతున్న మనిషి పేరు ఒకటేనా? కాకపోతే మధ్యలో ఎంతమంది చేతులు మారింది? అసలు యజమాని చనిపోయి ఉంటే ముందు వారసుల పేరుకు మారాలి. దానికి ఫారం 31 ఉంది. ఆ తర్వాతే మీకు అమ్మే హక్కు వాళ్ళకు వస్తుంది.

ఛాసిస్, ఇంజిన్ నంబర్లు: ఆర్‌సీలో ఉన్నవి, బండి మీద కొట్టి ఉన్నవి అక్షరం అక్షరం సరిపోవాలి. నంబరు ఉన్నచోట గీకినట్టు, కొత్తగా రంగు వేసినట్టు కనిపిస్తే అక్కడితో ఆగిపోండి. ఇంజిన్ మార్చి ఆర్‌సీలో రాయించకపోతే ఎఫ్‌సీ దగ్గర పట్టుబడుతుంది.

దొంగ బండా: జాతీయ నేర గణాంకాల సంస్థకు చెందిన పోలీసు పోర్టల్‌లో వాహనం నంబర్లు ఇచ్చి, అది చోరీ కేసుల్లో ఉందో లేదో తెలుసుకోవచ్చు. ఎన్‌ఓసీ కూడా అక్కడే తీసుకోవచ్చు. పది నిమిషాల పని.

ఫిట్‌నెస్ గడువు: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 56 ప్రకారం చెల్లుబాటయ్యే ఫిట్‌నెస్ లేని రవాణా వాహనాన్ని రిజిస్ట్రేషన్ ఉన్నట్టుగా పరిగణించరు. అంటే ఎఫ్‌సీ లేని బండి నడపడం రిజిస్ట్రేషన్ లేని బండి నడపడంతో సమానం.

పర్మిట్: స్థూల బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ వాహనానికి పర్మిట్ అక్కర్లేదని సెక్షన్ 66 చెబుతోంది. టాటా ఏస్ లాంటి చిన్న బండ్లు ఈ పరిమితిలోనే ఉంటాయి. పెద్ద పికప్‌లలో కొన్ని దాన్ని దాటిపోతాయి. పేరొక్కటే అయినా మోడల్‌ను బట్టి బరువు మారుతుంది కాబట్టి ఆర్‌సీలో స్థూల బరువు ఎంతుందో చూడండి. పర్మిట్ ఉన్న బండి కొంటే అది తనంతట తాను మీ పేరుకు రాదు. దాని బదిలీకి వేరుగా దరఖాస్తు చేసుకోవాలి. పర్మిట్ లేకుండా నడిపితే 10,000 రూపాయల జరిమానా, జైలు శిక్ష కూడా ఉంటాయి. ప్రమాదం జరిగితే బాధితులకు చెల్లించిన పరిహారాన్ని బీమా కంపెనీ తిరిగి యజమాని దగ్గరే వసూలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

చలాన్లు, వీసీఆర్‌లు: పోలీసులు వేసే ఈ-చలాన్లు ఒక ఖాతా, రవాణా శాఖ అధికారులు రాసే వెహికల్ చెక్ రిపోర్టులు మరో ఖాతా. ఒకటి చూసి రెండోది వదిలేయొద్దు. ఓవర్‌లోడ్ కేసుకు 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా ఉంటుంది. ఇసుక, కంకర తోలిన బండ్లకు ఇలాంటివి ఉన్నాయేమో ప్రత్యేకంగా చూడండి.

‘మిగిలిన కిస్తీలు మీరు కట్టుకోండి’ అంటే?

పాత బండ్ల బేరంలో ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. బండి ఫైనాన్స్‌లో ఉంటుంది. ‘లక్ష ఇచ్చి బండి తీసుకెళ్ళండి, మిగిలిన 20 కిస్తీలు మీరు కట్టుకోండి, లోన్ తీరాక పేరు మార్చుకుందాం’ అంటారు. నోటరీ దగ్గర ఒక అగ్రిమెంట్ రాసుకుంటారు.

ఫైనాన్స్ కంపెనీకి ఆ అగ్రిమెంట్‌తో సంబంధం లేదు. వాళ్ళ లెక్కలో అప్పు తీసుకున్నది పాత యజమాని. మీరు కిస్తీలు అతని చేతికిచ్చి, అతను కట్టకపోతే బండిని పట్టుకుపోతారు. అతను అదే కంపెనీలో వేరే అప్పు ఎగ్గొట్టినా ఎన్‌ఓసీ ఆగిపోవచ్చు. ఫైనాన్షియర్ రాతపూర్వక అంగీకారం లేకుండా ఆర్‌సీలో పేరు మార్చడానికి సెక్షన్ 51 ఒప్పుకోదు. 20 కిస్తీలు కట్టినా బండి మీది కాకుండా పోయే ప్రమాదం ఉంది.

సరైన దారి ఇది. అమ్మే మనిషితో కలిసి ఫైనాన్స్ కంపెనీకి వెళ్ళండి. ఎంత కడితే ఖాతా మూసేస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ మొత్తాన్ని మీరే నేరుగా లోన్ ఖాతాలో కట్టి, దాన్ని ధరలో మినహాయించుకోండి. ఎన్‌ఓసీ, సంతకం చేసిన ఫారం 35 వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఫారం 35 ఆర్టీఏలో ఇస్తేనే ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు తొలగుతుంది. లోన్ ఎప్పుడో తీరిపోయిందని నోటిమాటగా చెప్పినా, రికార్డులో పేరు ఉన్నంత వరకు తీరనట్టే లెక్క.

మీరు లోన్ తీసుకుంటుంటే

పాత వాహనాలకు వడ్డీ ఎక్కువగా ఉంటుంది. అది ఏ పద్ధతిలో వేస్తున్నారో అడగండి. 3,00,000 అప్పుకు 12 శాతం ‘ఫ్లాట్’ అంటే మూడేళ్ళకు వడ్డీ 1,08,000. నెలకు 11,333 చొప్పున 36 కిస్తీలు. వినడానికి 12 శాతమే. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం మీద వేస్తారు కాబట్టి, తగ్గే బాకీ లెక్కలో చూస్తే అది దాదాపు 21 శాతం. బ్యాంకు చెప్పే 14 శాతం, ఫైనాన్సర్ చెప్పే 12 శాతం కన్నా చవక కావచ్చు. మొత్తం ఎంత కట్టాలో అడిగి పోల్చుకోండి.

బండి చూడటానికి వెళ్తే

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి. ‘ఇప్పుడే స్టార్ట్ చేసి ఉంచాం’ అంటే మరుసటి రోజు పొద్దున్నే వస్తామని చెప్పండి. మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళండి. అతనికి ఇచ్చే ఐదారు వందలు వృథా కావు.

పొగ: నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే హెడ్ గాస్కెట్ మీద అనుమానపడాలి. నల్లపొగ అయితే ఇంజెక్టర్లు, ఎయిర్ ఫిల్టర్ చూపించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ, గాలి గుప్పుమని తన్నుకొస్తుంటే ఇంజిన్ పనికి దగ్గర పడినట్టే.

ఛాసిస్: గూడ్స్ బండికి ఇదే వెన్నెముక. కింద పడుకుని టార్చి వేసి చూడండి. పగుళ్ళు, వెల్డింగ్ మచ్చలు, అదనంగా కొట్టిన ప్లేట్లు ఉంటే మోయాల్సిన దానికన్నా ఎక్కువ మోసిందని అర్థం. కమాన్ పట్టీలు అదనంగా వేసి ఉన్నా అదే కథ. ఇంజిన్‌ను బాగు చేయించుకోవచ్చు. వంగిన ఛాసిస్ ఉన్న బండి జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

ఏం మోసిందో అడగండి: కోస్తాలో చేపలు, రొయ్యలు తోలిన బండ్ల మీద ఐసు నీళ్ళు, ఉప్పు కారుతూనే ఉంటాయి. పైన కొత్త రంగు వేసినా తొట్టి అడుగున, క్యాబిన్ కింద తుప్పు దాగి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో తట్టి చూస్తే తెలిసిపోతుంది. టమాటా, పాలు, కిరాణా తోలిన బండ్లు బరువు పరంగా కొంత నయం. ఇసుక, ఇనుము, సిమెంటు తోలిన వాటిని రెండుసార్లు చూడాలి.

మీటరు: కిలోమీటర్ల రీడింగ్‌ను నమ్మి ధర కట్టొద్దు. పెడల్ రబ్బర్లు, స్టీరింగ్, గేరు రాడ్డు, డ్రైవర్ సీటు అరుగుదల అసలు కథ చెబుతాయి. సర్వీస్ బిల్లులు ఉంటే తేదీల వారీగా రీడింగ్ పోల్చండి.

టైర్లు: టైరు పక్కన చివర ఉండే నాలుగు అంకెలు తయారీ వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. గాడులు బాగానే ఉన్నా ఆరేడేళ్ళ టైరు బరువు మీద నమ్మదగింది కాదు.

లోడుతో నడపండి: ఖాళీ బండి ఏదైనా బాగానే పోతుంది. వీలైతే సగం లోడైనా వేసి ఒక గట్టు ఎక్కించండి. క్లచ్ జారుతోందా, గేరు విడిపోతోందా, బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగుతోందా అప్పుడే తెలుస్తుంది.

ఇంజిన్ తరం: దేశమంతటా బీఎస్-4 2017 ఏప్రిల్ నుంచి, బీఎస్-6 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు పాత రకం ఇంజిన్లను ఊళ్ళోని మెకానిక్ కూడా విప్పి బిగించగలడు. బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగను శుద్ధి చేసే ఫిల్టర్, సెన్సర్లు ఉంటాయి. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలుగుతూ ఉంటే ‘ఏం కాదు’ అన్న మాట నమ్మకుండా స్కానర్ పెట్టించి చూడండి. సీఎన్‌జీ బండి అయితే సిలిండర్‌కు మూడేళ్ళకోసారి చేయించాల్సిన పరీక్ష ఎప్పుడు జరిగిందో చూడాలి.

బాడీ మార్పులు: తొట్టి ఎత్తు పెంచడం, పొడవు పెంచడం వంటివి అనుమతి లేకుండా చేయకూడదు. ఆర్‌సీలో ఉన్న కొలతలకు, ఎదురుగా ఉన్న బండికి పొంతన లేకపోతే ఎఫ్‌సీ ముందు అది విప్పించాల్సి రావచ్చు.

రేషన్ బండ్ల సంగతేంటి?

ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ రేషన్ పంపిణీ కోసం 2021 జనవరిలో 9,260 వాహనాలను ప్రారంభించారు. 2025 జూన్ 1 నుంచి ఆ విధానం ఆగిపోయింది. ఇలాంటి బండి అమ్మకానికి కనిపిస్తే మూడు విషయాలు చూడండి. ఆర్‌సీలో యజమాని ఎవరు? బ్యాంకు పేరు గానీ, కార్పొరేషన్ పేరు గానీ ఫైనాన్షియర్‌గా ఉందా, ఉంటే ఎన్‌ఓసీ వచ్చిందా? రేషన్ కోసం ప్రత్యేకంగా కట్టిన బాడీని మార్చుకోవడానికి ఆర్టీఏ అనుమతి తీసుకున్నారా? ఈ బండ్లు తిరిగింది దగ్గర దూరాలే అయినా, వీధి వీధికీ ఆగుతూ పోయినవి కాబట్టి క్లచ్, బ్రేకులు, స్టార్టర్ ముందు చూడాలి.

పక్క రాష్ట్రం బండి అయితే

హైదరాబాద్‌లో చవగ్గా దొరికిందని గుంటూరు వాళ్ళో, ఉత్తరాది నుంచి వచ్చిందని కరీంనగర్ వాళ్ళో కొంటుంటారు. వేరే రాష్ట్రం బండికి అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ రావాలి. ఇక్కడ పన్ను కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే నంబరు మార్చుకోవడం తప్పనిసరి. ఆ పన్ను ఎంతవుతుందో ముందే తెలుసుకుని ధరలో కలుపుకోండి. చాలాసార్లు ఆదా అనుకున్నది అక్కడే ఆవిరవుతుంది. తెలంగాణ బండ్లకు 2024 మార్చి వరకు టీఎస్, ఆ తర్వాత టీజీ నంబర్లు ఇచ్చారు. పాత టీఎస్ నంబర్లు కూడా చెల్లుతాయి, అందులో అనుమానం అక్కర్లేదు.

పేరు మార్పిడి: ఎవరు, ఎప్పటిలోగా?

• అమ్మిన వ్యక్తి 14 రోజుల్లోగా ఆర్టీఏకు తెలియజేయాలి. వేరే రాష్ట్రానికి అమ్మితే ఈ గడువు 45 రోజులు.
• కొన్నవారు 30 రోజుల్లోగా తమ పేరుకు మార్చుకోవాలి.
• అమ్మకం సమాచారానికి ఫారం 29, బదిలీ దరఖాస్తుకు ఫారం 30 వాడతారు.
• ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, ఫిట్‌నెస్, చిరునామా రుజువు, ఫైనాన్స్ ఉంటే ఎన్‌ఓసీ జతచేయాలి.
• దరఖాస్తు, ఫీజు ఆన్‌లైన్‌లోనే. ఇద్దరి ఫోన్లకు ఓటీపీలు రావచ్చు కాబట్టి అమ్మే వ్యక్తి ఎదురుగా ఉండగానే దరఖాస్తు పెట్టేయండి. డబ్బు చేతికందాక అతను ఫోన్ ఎత్తకపోతే పని ఆగిపోతుంది.

డబ్బు బ్యాంకు ద్వారా ఇవ్వండి. ఒకే లావాదేవీకి 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయ పన్ను చట్టం ప్రకారం నిషేధం. బండి అప్పగించిన తేదీ, సమయం రాసి ఇద్దరూ సంతకాలు చేసిన డెలివరీ నోట్ దగ్గర ఉంచుకోండి. ఆ క్షణానికి ముందు పడిన చలాన్ ఎవరిది, తర్వాత పడింది ఎవరిది అన్న గొడవ దాంతో తీరుతుంది.

డీలర్ దగ్గర కొంటుంటే, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలర్‌కు ఆర్టీఏ ఇచ్చిన అధికార పత్రం ఉండాలి. అది చూపించమని అడగండి.

అమ్మేవాళ్ళకూ ఒక మాట

‘సంతకాలు పెట్టిన ఫారాలు ఇచ్చేశాం, ఇక మనకేం సంబంధం’ అనుకోవద్దు. ఆర్టీఏ రికార్డులో పేరు మారనంత వరకు మీరే యజమాని. ఆ బండి ఎవరినైనా గుద్దితే పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో బండి వరుసగా చేతులు మారింది, పేరు మాత్రం మారలేదు. మీ బండి నాలుగో మనిషి చేతిలో, బీమా లేకుండా తిరుగుతున్నా నోటీసు మీ ఇంటికే వస్తుంది.

బీమా మీ పేరుకు మారిందా?

బండి బదిలీ అయితే థర్డ్ పార్టీ రక్షణ కొన్నవారికి కొనసాగుతుంది. బండికి జరిగే నష్టం సంగతి వేరు. 14 రోజుల్లోగా బీమా కంపెనీకి దరఖాస్తు చేసి పాలసీని మీ పేరుకు మార్పించుకోవాలి. ఈలోపు బండి బోల్తా పడితే పాత పేరు మీదున్న పాలసీతో రిపేరు ఖర్చు రాబట్టుకోవడం కష్టం. నో క్లెయిమ్ బోనస్ అమ్మిన వ్యక్తిది, అది బండితో రాదు. బీమా లేకుండా నడిపితే మొదటిసారి 2,000, ఆపైన 4,000 రూపాయల జరిమానా, జైలు శిక్ష కూడా ఉండొచ్చు.

గూడ్స్ బండిలో పెళ్ళికో, తీర్థానికో జనాన్ని ఎక్కించడం మన ఊళ్ళలో మామూలే. కానీ ఆ పాలసీ సరుకు యజమానికి, అతని ప్రతినిధికి వర్తిస్తుంది తప్ప ప్రయాణికులకు కాదు. ప్రమాదం జరిగితే పరిహారం మీ ఆస్తి మీద పడుతుంది. హమాలీలను తీసుకెళ్ళేటట్టయితే వాళ్ళ కోసం పాలసీలో అదనపు ప్రీమియం కట్టించండి.

లైసెన్సు విషయంలో కొంత ఊరట ఉంది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే నడపవచ్చని, వేరే ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

ఎప్పుడు వద్దనుకోవాలి?

కింది వాటిలో ఒక్కటి ఎదురైనా ధర ఎంత తక్కువైనా వెనక్కి రావడమే లాభం.

• ఆర్‌సీలో పేరున్న మనిషి ఎక్కడున్నాడో తెలియకపోతే
• ఫైనాన్స్ ఎన్‌ఓసీ ‘తర్వాత ఇస్తాం’ అంటే
• ఛాసిస్ నంబరు సరిగ్గా కనిపించకపోతే
• ఛాసిస్‌కు పగుళ్ళు, వెల్డింగులు ఉంటే
• ఎఫ్‌సీ, పన్ను, చలాన్ల బకాయిలు కలిపితే బండి ధరలో పెద్ద భాగం అయితే
• లోడుతో నడిపి చూడటానికి, మీ మెకానిక్‌కు చూపించడానికి ఒప్పుకోకపోతే

ఎఫ్‌సీ, బీమా, పన్ను ఇంకా ఆరు నెలలైనా ఉండి, ఒకే యజమాని చేతిలో నడిచి, ఫైనాన్స్ తీరిపోయిన బండికి పాతిక, ముప్పై వేలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. కొన్న మర్నాటి నుంచే అది పనిలోకి వస్తుంది. అడ్వాన్స్ ఇవ్వాల్సి వస్తే చిన్న మొత్తమే ఇవ్వండి. కాగితాలు సరిగ్గా లేకపోతే ఆ డబ్బు తిరిగి ఇవ్వాలని రసీదు మీద రాయించుకోండి.